మంగలికత్తి సానరాళ్ళు : పదును, ధూళి, ఊపిరితిత్తులు

మంగలికత్తిని నూరే సహజమైన సానరాయి నేడు వాడుక వస్తువుగా కంటె పాత వస్తువుగానే ఎక్కువగా కనిపిస్తుంది. జేనెడు పొడవు, రెండు వ్రేళ్ళ వెడల్పు ఉండి, ముట్టుకొంటే నున్నగా తగిలే రాయి అది. పాత పెట్టెల అడుగున, పాత సామానుల అంగళ్ళలో అటువంటి రాళ్ళు అప్పుడప్పుడు దొరుకుతాయి. మడతకత్తితో గడ్డం గీసుకొనే అలవాటు పాశ్చాత్య దేశాలలోను, జపానులోను, కొంతమేరకు మన దేశంలోను మరల తలెత్తడంతో వాటిని వెతికి, గుర్తించి, చక్కదిద్ది వాడుకొనేవారు పెరిగారు.

ఆరోగ్య విషయాలు వ్రాసేచోట సానరాయి ప్రసక్తి ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చును. కత్తికి పదును నిచ్చే రాళ్ళలో చాలావాటికి ఆ గుణం సిలికా వలన కలుగుతుంది. ఆ సిలికాయే పొడిగా గాలిలోకి లేచి ఊపిరితిత్తులలో చేరితే అక్కడ మానని మచ్చలను కలుగజేస్తుంది. పాత రాయిని సమతలం చేసేటపుడు ఆ పొడి తప్పక పుడుతుంది. ఆ పొడి రాతి మీద తడి ముద్దగా నిలుస్తుందా, గాలిలో ధూళిగా ఎగురుతుందా అన్నదే ముఖ్యం. రెండువేల సంవత్సరాల సానరాళ్ళ చరిత్రలో ఈ విషయం మరల మరల ఎదురవుతుంది.

సుశ్రుతుని సానరాయి

సానరాయికి వైద్యశాస్త్రంలో స్థానం చాలా పాతది. సుశ్రుత సంహిత సూత్రస్థానం ఎనిమిదవ అధ్యాయం ఇరువది శస్త్రాలను వర్ణించి, వాటి వాదర ఎంత సన్నగా ఉండాలో కొలతలు చెబుతుంది. చీల్చే శస్త్రాలకు చిరుసెనగ గింజ అంచంత, గీకే శస్త్రాలకు అందులో సగం, సిరలను గుచ్చి రక్తం తీసే శస్త్రాలకు వెంట్రుకంత, కోసి వేరుచేసే శస్త్రాలకు వెంట్రుకలో సగమంత ధార ఉండాలని అందులోని విధి. వాటిని నూరడానికి మినుముల రంగు గల నున్నని రాయిని వాడాలని, నూరిన ధార చెడకుండ ఉంచడానికి బూరుగుచెక్క పలకను వాడాలని చెప్పబడింది. రోమాన్ని తెగగోయ గలిగినపుడే శస్త్రం పనికి సిద్ధమైనట్లు.

నేడు మడతకత్తి వాడేవారు చేసే పరీక్ష కూడ ఇదే. ముంజేతి పైన ఒక వెంట్రుకను నిలిపి, కత్తిని చర్మానికి తగలనీయకుండ తాకిస్తే అది తెగాలి. మొద్దు కత్తితో చేసిన గాయం అంచులు నలుగుతాయి, ఆలస్యంగా మానుతాయి. శస్త్రవైద్యుడు, క్షురకుడు ఇరువురూ సానరాయి విషయంలో అంత శ్రద్ధ చూపడానికి కారణ మిదే.

నీరు, నూనె, ఉమ్మి

రోము దేశపు రచయిత ప్లినీ సా. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బ్రద్దలైనపుడు మరణించాడు. ఆయన రచించిన ప్రకృతి చరిత్ర 36వ సంపుటంలో సానరాళ్ళ ముచ్చట ఉంది. వాటిని ఆయన పుట్టిన చోటును బట్టియే కాక, వాటిపై వాడే ద్రవాన్ని బట్టి కూడ విభజించాడు. క్రీటు ద్వీపపు రాళ్ళకు, గ్రీసులోని టేగెటస్ కొండ రాళ్ళకు నూనె కావాలి. నాక్సాసు, ఆర్మేనియా రాళ్ళకు నీరు కావాలి. సిలీషియా రాయికి రెండూ సరిపోతాయి. ఇవికాక నాలుగవ రకం మెత్తని రాళ్ళు మంగలి అంగళ్ళలో ఉండేవి. వాటిని మనిషి ఉమ్మితో తడిపేవారు.

నూరేటపుడు రాయి నుంచి, ఉక్కు నుంచి విడివడే రేణువులు ఎక్కడికో అక్కడికి పోవాలి. ద్రవం లేకపోతే అవి రాతి రంధ్రాలను పూడ్చి రాయిని మొద్దు చేస్తాయి, లేదా గాలిలోకి లేస్తాయి. చేతిసాన వాడినవారు రాయి బాగు కోరి తడిపారు. అదే తడి వారి ఊపిరితిత్తులను కూడ కాపాడింది. అయితే ఉమ్మితో తడిపిన రాతి మీద నూరిన కత్తి వరుసగా పదిమంది చర్మాలను తాకేది. క్షురకశాలలో అంటురోగాల సమస్య ఎంత పాతదో ఈ ఒక్క వివరమే చెబుతుంది.

పేరు పొందిన గనులు, వాటి గుర్తులు

పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దాలలో ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని జోలింగెన్ నగరాల కత్తులు ప్రపంచమంతటా అమ్ముడుపోయాయి. వాటితోబాటు కొన్ని గనుల రాళ్ళకు కూడ పేరు వచ్చింది. నేడు పాత రాయి దొరికితే అది వాటిలో దేనిదో తేల్చుకోవడమే మొదటి పని. రాయిని బట్టి దాని మీద వాడవలసిన ద్రవం, చక్కదిద్దే తీరు, అందులోని సిలికా పాలు మారుతాయి.

బెల్జియంలోని ఆర్డెన్ కొండలలో వీల్సామ్ పరిసరాల దొరికే కోటిక్యూల్ వీటిలో సులభంగా గుర్తించదగినది. వెన్నపూస రంగులోనో, లేత పసుపులోనో ఉండే పొర ఒకటి, దాని అడుగున ఊదా కలిసిన నీలి బూడిద రంగు పొర ఒకటి కనిపిస్తాయి. ఈ రాయి సుమారు 48 కోట్ల సంవత్సరాల నాటిది. పసుపు పొరలో కోసే పని చేసేవి మాంగనీసు కల గార్నెట్ స్ఫటికాలు. మన గోమేధికం కూడ గార్నెట్ వర్గానిదే. ఈ స్ఫటికాలు 5 నుంచి 20 మైక్రానుల పరిమాణంలో, అనేక ముఖాలు కలిగి, దాదాపు గుండ్రంగా ఉంటాయి. అందుచేత ఉక్కును లోతుగా గీరవు. పసుపు పొర గనిలో పలుచగా దొరుకుతుంది గనుక తరచుగా దానిని పలకరాతి ముక్కకు అంటించి అమ్మేవారు. రెండు పొరల నడిమి గీత వంకరటింకరగా పోతే అది సహజమైన అతుకు. గీచినట్లు తిన్నగా ఉంటే జిగురుతో అంటించినది.

జర్మనీలోని థురింగియా ప్రాంతపు రాయి పలకరాతి జాతిది. లేత ఆకుపచ్చ, పసుపు కలిసిన ఆకుపచ్చ, ముదురు నీలి బూడిద రంగులలో ఉంటుంది. పొరలు, చారలు, కంటికి ఆనే రేణువులు ఏవీ కనిపించవు. జోనెబెర్గ్ పట్టణపు ఎషర్ సంస్థ వీటిని కాగితపు చీటీలంటించి దేశదేశాలకు పంపింది. చీటీ మిగిలి ఉన్న రాయిని గుర్తించడానికి వేరే పరీక్ష అక్కరలేదు. ఆ పక్కనే ఉన్న స్టైనాహ్ ఊరు, బడిపిల్లలు పలకల మీద వ్రాసే పుల్లలకు ప్రసిద్ధి. రెండు పరిశ్రమలకూ ఆధారం ఆ కొండల పలకరాయే.

ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో చార్న్‌వుడ్ అడవి ప్రాంతపు రాయిని చార్న్లీ ఫారెస్ట్ అంటారు. ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు మీద ఇటుక రంగు చారలు దాని గుర్తు. అది గట్టిది, నిదానంగా పనిచేస్తుంది. వాడినవారు చాలామంది నూనె పూశారు గనుక దొరికేసరికి తరచుగా నల్లబడి ఉంటుంది.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రపు హాట్ స్ప్రింగ్స్ పరిసరాల రాయికి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నొవాక్యులైట్. లాటిన్‌లో నొవాక్యులా అంటే క్షౌరపు కత్తి. తెలుపు, నలుపు, పాల మీగడ రంగులలో దొరుకుతుంది. మేలురకం రాయిని దీపానికి ఎదురుగా పట్టుకొంటే అంచు వెంట వెలుగు కొంచెం చొచ్చుకొని వస్తుంది. సూదితో గీస్తే గీత పడదు, సూది ఉక్కే రాతిపై నల్లగా అంటుకొంటుంది. పలకరాళ్ళ మీద అయితే గీత పడుతుంది. మేలురకం నొవాక్యులైట్‌లో 99 శాతానికి పైగా సిలికాయే. అంటే ఇది మన పలుగురాయికి అతి సూక్ష్మ రేణువులు గల బంధువు.

జపానులో క్యోటో నగరానికి పడమట ఉన్న కొండలలో నకయామా వంటి గనుల రాళ్ళు ప్రసిద్ధమైనవి. అడుగున, పక్కల చెక్కిన జాడలు, సిరాతో వేసిన ముద్రలు వాటి గుర్తులు. వాటి మీద నగురా అనే చిన్న రాయిని నీటితో అరగదీస్తే పలుచని ముద్ద తేలుతుంది. మన ఇళ్ళలో సాన మీద గంధం తీసినట్లే ఉంటుంది ఆ పని. ఆ రాతిగంధంలోనే కత్తిని నూరుతారు.

రాతిగంధపు రంగు కూడ గుర్తింపుకు తోడ్పడుతుంది. కోటిక్యూల్ పసుపు పొర పాలవంటి తెల్లని గంధాన్ని, అడుగు పొర లేత ఊదా గంధాన్ని ఇస్తాయి. ఏ రాయి కాని నీటిని గబగబ పీల్చుకొని, రేణువులన్నీ ఒకే తీరుగా కనిపిస్తే అది చాలావరకు కృత్రిమమైనదే. 1891లో ఎడ్వర్డ్ ఆచిసన్ సిలికాన్ కార్బైడ్‌ను తయారుచేసిన తరువాత కృత్రిమపు సానరాళ్ళు విరివిగా వచ్చాయి. 1903లో జిలెట్ సంస్థ వాడి పారవేసే బ్లేళ్ళు అమ్మడం మొదలుపెట్టాక ఇంటింటా సానరాయి అవసరమే తగ్గిపోయింది. గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. పాత రాళ్ళకు నేడు ఇంత వెల రావడానికి అది ఒక కారణం.

షెఫీల్డు చక్రాల ముందు

ఇంతవరకు చెప్పినది చేతిసాన. కాని కత్తి చేతిసాన వరకు రావడానికి ముందు కర్మాగారంలో పెద్ద ఇసుకరాతి చక్రాల మీద ఆకారం దాల్చేది. ఇసుకరాయిలో అధికభాగం పలుగురాతి రేణువులే. షెఫీల్డులో చక్రం ముందు కూర్చొని పనిచేసేవారికి వచ్చే దగ్గు, ఆయాసం, కృశింపు కలిసిన జబ్బును ఆ ఊరి వైద్యులు సానపట్టేవారి ఉబ్బసం అన్నారు. ఆ ఊరి వైద్యుడు ఆర్నల్డ్ నైట్ 1830లో దీనిపై తన పరిశీలనలను ప్రచురించాడు.

నైట్ గమనించినది ఈ వ్యాసానికంతకు కీలకం. భోజనపు ముళ్ళగరిటెలను పొడి చక్రం మీద నూరేవారు 28 నుంచి 32 సంవత్సరాల నడుమ మరణించేవారు. క్షౌరపు కత్తులను కొంత తడిగాను, కొంత పొడిగాను నూరేవారు 40 నుంచి 45 సంవత్సరాల నడుమ మరణించేవారు. భోజనపు కత్తులను తడి చక్రం మీద నూరేవారు 40 నుంచి 50 వరకు బ్రతికేవారు. ఊరొకటే, రాయి ఒకటే, కూలివారి జీవితాలూ ఒకే తీరువి. నీటి వలన వచ్చిన తేడా పది సంవత్సరాలకు పైగా ఉంది. తడి చక్రం ముందు కూర్చున్నవారు కూడ యాభై దాటలేదన్నది గమనించదగినది. నీరు ధూళిని తగ్గించింది గాని పూర్తిగా అణచలేదు.

నివారణోపాయాలు కూడ అప్పుడే బయలుదేరాయి. 1820ల తొలినాళ్ళలో ఏబ్రహామ్ అనే ఆయన అయస్కాంతపు పరికరం ఒకటి చేశాడు. అది గాలిలోని ఇనుప రజనును పట్టుకొనేది. కాని ప్రాణాలు తీసేది ప్రధానంగా రాతి రజను. దానిని అయస్కాంతం ఆకర్షించదు. శత్రువును సరిగా గుర్తించకపోతే మంచి పరికరం కూడ నిరుపయోగమే. ధూళిని లాగే ఏర్పాట్లు వచ్చినపుడు వాటిని వద్దన్నవారిలో కార్మికులు కూడ ఉన్నారు. పని సురక్షితమైతే మరింతమంది ఆ వృత్తిలోకి వచ్చి కూలి తగ్గిపోతుందని వారి భయం. ప్రమాదమే వారికి కూలిరేటును నిలిపే ఆధారమయింది. ఈనాటి గనులలో, రాళ్ళు కోసే కర్మాగారాలలో ముక్కుకు గుడ్డ కట్టుకోని కార్మికుని నిర్లక్ష్యంగా మాట్లాడేముందు ఈ సంగతి తలచుకోవాలి.

ఊపిరితిత్తులలో జరిగేది

రాతి రజనులో పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో చిక్కుకొని శ్లేష్మంతో బయటికి వస్తాయి. 5 మైక్రానుల కంటె చిన్నవి శ్వాసనాళాలు దాటి వాయుగోళాల వరకు పోగలవు. తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రానులు ఉంటుంది గనుక ఇవి కంటికి కనిపించవు. వాయుగోళాలలోని భక్షక కణాలు ఈ స్ఫటికాలను మ్రింగుతాయి గాని జీర్ణించుకోలేవు. ఆ కణాలు నశించి, తాపం పుట్టించే రసాయనాలను వెదజల్లుతాయి. విడుదలైన స్ఫటికాలను మరికొన్ని కణాలు మ్రింగుతాయి. ఈ చక్రం సాగుతూ ఉండగా మెత్తని ఊపిరితిత్తులలో పీచుతో గట్టిపడిన కణుపులు ఏర్పడుతాయి. దీనికి 1870లో సిలికోసిస్ అని పేరు పెట్టారు.

పని మానివేసిన తరువాత కూడ ఈ వ్యాధి ముదరవచ్చును. ఏర్పడిన మచ్చలను కరిగించే మందు లేదు. సిలికా చేరిన ఊపిరితిత్తులలో క్షయవ్యాధి సోకే అవకాశం ఎక్కువ. 1997లో అంతర్జాతీయ కర్కటవ్రణ పరిశోధన సంస్థ వృత్తిరీత్యా పీల్చే స్ఫటిక సిలికాను మనుషులలో కర్కటవ్రణాలు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

ఇది షెఫీల్డుతో ముగిసిన కథ కాదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలకలపై వ్రాసే పుల్లలను రాతి నుంచి యంత్రాలతో కోసేవారు. జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ 1980లలో అక్కడి కార్మికులను పరీక్షించినపుడు సగానికి పైగా మందిలో సిలికోసిస్ కనిపించింది. మన మార్కాపురం పలకలు చేత బట్టుకొని అక్షరాలు దిద్దినవారికి ఇది దూరపు సంగతిగా తోచరాదు. పలకరాయిని చీల్చి, కోసి, నునుపు చేసే ప్రతిచోట ఇదే సూత్రం వర్తిస్తుంది.

పాత రాయిని చక్కదిద్దే తీరు

ఇంటిలో ఒకటి రెండు రాళ్ళను తడిగా అరగదీసుకొన్నవారికి సిలికోసిస్ వస్తుందని భయపడనక్కరలేదు. ఆ వ్యాధి సాధారణంగా ఏళ్ళ తరబడి ధూళి పీల్చినవారికి కలుగుతుంది. అయితే కొందరు ఇటువంటి రాళ్ళను కొని, చక్కదిద్ది అమ్మడం వ్యాపకంగా పెట్టుకొంటారు. వారికి ఈ జాగ్రత్తలు మరింత అవసరం.

మొదట రాయిని శుభ్రపరచాలి. పాత నూనె, జిడ్డు ఉంటే గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే సబ్బు కలిపి, మెత్తని కుంచెతో పలుమార్లు రుద్దాలి. మరిగే నీటిలో వేయరాదు. అంటించిన పొరలు విడిపోవచ్చును, పలకరాయి చీలవచ్చును. చీటీ ఉన్న రాయిని నీటిలో ముంచక పైభాగాన్ని మాత్రమే కడగాలి. నీటితో వాడే రాళ్ళకు నూనె పూయరాదు.

పిమ్మట సమతలం చేయాలి. పాత రాళ్ళు నడుమ అరిగి దోనెవలె గుంటపడి ఉంటాయి. దళసరి గాజుపలక మీద తడికి తట్టుకొనే గరుకు కాగితాన్ని పరచి నీరు పోయాలి. రాతి ముఖంపై పెన్సిలుతో గళ్ళు గీసి కాగితంపై రుద్దాలి. గళ్ళన్నీ చెరిగిపోతే రాయి సమమైనట్లు. గుంటలో గీతలు మిగిలితే పని మిగిలి ఉన్నట్లే. ముతక కాగితంతో మొదలుపెట్టి సన్నని కాగితంతో ముగించాలి. చివరకు రాతి అంచులను కొంచెం వాలుగా అరగదీస్తే కత్తి వాదర వాటికి తగిలి పెట్లదు. క్యోటో రాళ్ళ పక్కలకు లక్కపూత వేయడం ఆచారం. నీరు పొరలలోకి దిగి రాయి చీలకుండ అది కాపాడుతుంది.

నొవాక్యులైట్ వంటి గట్టిరాయి అంత సులభంగా లొంగదు. గాజుపలక మీద సిలికాన్ కార్బైడ్ పొడి, నీరు కలిపి గంటల తరబడి రుద్దవలసి వస్తుంది. విసుగెత్తి విద్యుత్ చక్రం పట్టాలని బుద్ధి పుట్టేది ఇక్కడే. దాదాపు శుద్ధమైన సిలికాను మూసిన గదిలో పొడిగా, వేగంగా అరగదీయడమంటే షెఫీల్డు పొడి చక్రాన్ని ఇంటికి తెచ్చుకొన్నట్లే. ఆ పని ఎన్నడూ చేయరాదు. చేతికి ఓపిక లేకపోతే ఆ రాయిని ఉన్నది ఉన్నట్లుగా ఉంచుకోవడం మేలు.

తడిగా చేసిన పనిలో కూడ ఒక ప్రమాదం మిగిలి ఉంటుంది. రాతిగంధం ఆరిపోతే మరల ధూళే. బల్లపై, నేలపై, దుస్తులపై పడిన ముద్దను తడి ఉండగానే తడిగుడ్డతో తుడిచివేయాలి. ఆరిన పొడిని చీపురుతో ఊడ్వరాదు, నోటితో ఊదరాదు. పనికి వాడిన బట్టలను దులపకుండ నీటిలో వేయాలి. ముక్కుకు కట్టుకొనే మామూలు గుడ్డ ఈ సూక్ష్మ రేణువులను ఆపలేదు. తడి పని సాధ్యం కానిచోట తగిన వడపోత ముసుగు ముఖానికి బిగుతుగా అమరాలి.

కత్తి ఒకరిది కావాలి

చివరగా క్షురకశాల సంగతి. ప్లినీ కాలపు ఉమ్మి పోయినా పదును పెట్టే రాయి, తోలుపట్టీ పలువురి కత్తులకు ఉమ్మడి అయితే రక్తం ద్వారా సోకే వ్యాధులకు అవకాశం ఉంటుంది. హెపటైటిస్ బి వైరసు ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు దినాలు బ్రతికి ఉండగలదు. కంటికి కనిపించనంత గాటు చాలు అది లోపలికి పోవడానికి. ఉక్కును క్రిమిరహితం చేయవచ్చును గాని తోలును, రంధ్రాలు గల రాయిని నమ్మకంగా క్రిమిరహితం చేయడం కష్టం. కనుక మడతకత్తి, దాని రాయి, దాని తోలుపట్టీ ఒకే మనిషి వాడుకోవాలి. అంగడిలో గడ్డం గీయించుకొనేవారు ప్రతిసారి క్రొత్త బ్లేడు వేయమని అడగాలి. హెపటైటిస్ బికి టీకా ఉంది. వృత్తిరీత్యా కత్తి పట్టే క్షురకులు తప్పక వేయించుకోవాలి.

రాళ్ళు కోసే పనిలోగాని, నునుపు చేసే పనిలోగాని ఏళ్ళు గడిపినవారికి పొడిదగ్గు, మెట్లు ఎక్కితే ఆయాసం, బరువు తగ్గడం కనిపిస్తే వయసు వలన అనుకొని ఊరుకోరాదు. వైద్యుని వద్దకు వెళ్ళినపుడు పొగత్రాగే అలవాటుతోబాటు చేసిన పనిని, చేసిన సంవత్సరాలను కూడ చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రే, శ్వాస పరీక్షలు, క్షయకు కఫ పరీక్ష చేయించుకోవాలి. రోగి చెప్పకపోయినా ఏం పని చేసేవారని అడగడం వైద్యుల విధి.